పలకతో పాటు పాట
(దొనకొండ భక్తసభయందు చేసిన ఉపన్యాస పాఠము)

  

విఘ్నములను తొలగించు గణనాథునకును, వీణాపాణియైన వాగ్దేవికిని నమస్కరించి, ఈ సాయంకాలము మీ యెదుట మేము ఒక చిన్న విషయమును మనవి చేయదలచినాము. విషయము చిన్నదే గాని దాని ఫలము పెద్దది. బడికి పోవు మన పిల్లలకు సంగీతము, నృత్యము, నాటకము, భజన, కోలాటము మొదలగు కళలను నేర్పవలెనా? నేర్పవలెనన్నచో ఎవరికి నేర్పవలెను, ఏ విధముగా నేర్పవలెను, ఏ ఫలమును కోరి నేర్పవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

బడి సంగతి గుడిలో ఎందుకని కొందరికి తోచవచ్చును. పూర్వము మన గ్రామములలో గుడియు బడియు ఇరుగుపొరుగు కావు, ఒకే యింటి రెండు గదులు. ఆలయ మండపమున పగలు అక్షరాభ్యాసము, రాత్రి పురాణ కాలక్షేపము జరుగుచుండెడివి. భగవంతునికి చేయు ఉపచారములలో ఛత్రము, చామరము వలెనే గీతము, వాద్యము, నృత్యము కూడ చేరియున్నవి. పూలు, పండ్లు, పత్రి సమర్పించినట్లే పాటను సమర్పించుట మన సంప్రదాయము. పూలు కొనుటకు పైకము కావలెను. పాటకు కంఠము చాలును. కనుక పేదవాని పూజాద్రవ్యము పాటయే.

ఆదికావ్యమున బాలగాయకులు

ఈ విషయమున మనకు మార్గము చూపినవాడు ఆదికవి వాల్మీకి మహర్షి. ఇరువదినాలుగు వేల శ్లోకముల రామాయణమును రచించి, దీనిని లోకమునకు వినిపింపదగినవారెవరని ఆయన ఆలోచించుచుండగా ఇద్దరు బాలురు వచ్చి గురువు పాదములకు నమస్కరించిరి. వారే కుశలవులు. ఆ మహర్షి తన కావ్యమును పండితుల చేతిలో పెట్టలేదు, రాజాస్థానమునకు పంపలేదు. ఆశ్రమమున చదువుకొను పిల్లల కంఠమున నిలిపినాడు. లోకమున రామకథ మొదట వినబడినది పిల్లల నోట, అదియు పాటగా వినబడినది.

ఆ బాలురు మునుల సభలో పాడిరి. విన్నవారి కన్నులు చెమర్చినవి. ఒకరు సంతోషముతో కలశము నిచ్చిరి, మరియొకరు నారచీర నిచ్చిరి. తరువాత వారు అయోధ్యా వీథులలో పాడుచుండగా శ్రీరామచంద్రుడు చూచి తన భవనమునకు రప్పించుకొనినాడు. ఆ గానమును వినుచు ప్రభువు మెల్లగా సింహాసనము దిగి సభలోనివారితో కలిసి కూర్చుండెనని వ్యాఖ్యాతలు చెప్పుదురు. పిల్లవాడు శ్రద్ధతో పాడినచో సార్వభౌముడైనను పీఠము దిగవలసినదే!

ఉత్తరకాండమున వాల్మీకి ఆ శిష్యులకు ఇచ్చిన ఆదేశములు మన ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును మననము చేయదగినవి. దినమునకు ఇరువది సర్గలు మాత్రమే పాడుడని చెప్పినాడు. అనగా పిల్లల శక్తికి మించిన భారము మోపలేదు. ధనమునందు ఆశ పెట్టుకొనవద్దనినాడు. మీరెవరి బిడ్డలని అడిగినచో వాల్మీకి శిష్యులమని మాత్రము చెప్పుడనినాడు. రాముడు పదునెనిమిది వేల బంగారు నాణెములు ఇప్పింపబోగా, అడవిలో కందమూలములు తిను మాకు బంగారముతో పని యేమని ఆ బాలురు మరలించినారు.

ఈ కథనుండి మూడు సూత్రములు మనకు లభించుచున్నవి. మొదటిది, మితముగా నేర్పవలెను. రెండవది, బహుమతిని లక్ష్యము చేయరాదు. మూడవది, పాడువాని కులగోత్రములకు గాక అతని శిక్షణకు గౌరవమీయవలెను. ఈ మూడింటిని గుర్తుంచుకొని ముందునకు పోవుదము.

ప్రహ్లాదుని విరామకాలము

భాగవతమున మరియొక బడి కలదు. అది చండామార్కుల బడి. గురువులు ఇంటి పనులమీద పోయిన సమయమున తోటి బాలురు ప్రహ్లాదుని ఆటకు పిలిచిరి. అతడు వారిని చేరదీసి హరిభక్తిని బోధించినాడు. వారు ఆటవస్తువులను ప్రక్కన పెట్టి అతని చుట్టును కూర్చుండిరి. ఆ ప్రహ్లాదుడే చెప్పిన నవవిధ భక్తులలో మొదటిది శ్రవణము, రెండవది కీర్తనము. వినుట, పాడుట! ధ్యానము, జపము చేయలేని పసివాడైనను ఈ రెండు మెట్లు ఎక్కగలడు.

గమనింపుడు. గురువులు చెప్పిన పాఠము పిల్లలకు కంఠస్థమైనదో లేదో గాని, విరామకాలమున తోటివాడు చెప్పినది హృదయస్థమైనది. పిల్లలు పిల్లలనుండి నేర్చుకొందురు. అందుచేతనే కోలాటము, భజన, నాటకము వంటి బృందకళలు వారికి మిక్కిలి తగినవి. సంగీతమూర్తి త్యాగరాజస్వామి 'ప్రహ్లాద భక్తి విజయము', 'నౌకా చరిత్రము' అను గేయ నాటకములను రచించియుండుట మనము మరువరాదు. కథ, పాట, సంభాషణము కలిసిన అట్టి రచనలు పాఠశాలల వేదికకును పనికివచ్చునవి.

ఈ నేలనుండి వెడలిన పాట

ఇప్పుడు మన యింటి సంగతి చెప్పుకొందము. త్యాగరాజస్వామి పేరు వినగానే మన మనస్సు కావేరీతీరమునకు పోవును. ఆయన 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున జీవించి, 1847లో అచ్చటనే సిద్ధి పొందినారు. కాని ఆయన యింటిపేరు కాకర్ల. ఆ కాకర్ల ఎచ్చట నున్నది? మీ దొనకొండ స్టేషనులో నంద్యాల వైపు రైలెక్కుడు. గజ్జెలకొండ దాటి, మార్కాపురం రోడ్డు దాటి, కంభంలో దిగుడు. ఆ ప్రాంతముననే, అర్ధవీడు మండలమున కాకర్ల గ్రామమున్నది. త్యాగరాజస్వామి పూర్వులు ఆ గ్రామమునుండి దక్షిణమునకు వలసపోయిరని పెద్దలు చెప్పుచున్నారు.

అంతటితో ఆగలేదు. సంగీత త్రిమూర్తులలో పెద్దవారైన శ్యామశాస్త్రిగారు 1762లో తిరువారూరుననే జన్మించి 1827లో తంజావూరున పరమపదించిరి. కామాక్షీదేవి ఉపాసకులు. తోడి, భైరవి, యదుకులకాంభోజి రాగములలో వారు రచించిన స్వరజతులు నేటికిని విద్వాంసుల పరీక్షకు నిలుచుచున్నవి. వారి పూర్వులు కూడ కంభం ప్రాంతమువారేయని సంగీత చరిత్రకారులు వ్రాసియున్నారు. ముగ్గురు త్రిమూర్తులలో ఇద్దరి వంశమూలములు మన పశ్చిమ ప్రకాశమున, మీ ఊరికి రైలులో కొన్ని స్టేషనుల దూరములో నున్నవన్నమాట!

వలసపోయినవారు మూటలలో మోసికొనిపోయిన వస్తువులు ఏనాడో శిథిలమై యుండును. వారు నోటిలో మోసికొనిపోయిన తెలుగు మాత్రము చెడలేదు. తరములు గడచినను, చుట్టును తమిళ దేశమైనను, త్యాగరాజస్వామి తన రామునితో అధికముగా తెలుగుననే మొరపెట్టుకొనినారు. శ్యామశాస్త్రిగారు తన తల్లి కామాక్షిని అధికముగా తెలుగుననే పిలిచినారు. పాటలో నిలిచిన భాష పరదేశమున కూడ బ్రతుకును.

ఈ మాటను మేము చరిత్ర కొరకు చెప్పుట లేదు. నేడు కూడ ఈ ప్రాంతమునుండి వలస ఆగలేదు. వానలు లేని యేట మన రైతుకూలీలు మిరపకాయల కోతలకు గుంటూరు వైపు, కట్టడపు పనులకు హైదరాబాదు వైపు బిడ్డలను చంకనెత్తుకొని పోవుచున్నారు. చదువుకొనినవారు ఉద్యోగములకై ఇంకను దూరము పోవుచున్నారు. పొలము వెంట రాదు. గుడి గోపురము వెంట రాదు. సంచిలో వేసికొనిన పుస్తకము కూడ ఒక్కొక్కప్పుడు దారిలో పోవును. ఎనిమిదేండ్ల ప్రాయమున నేర్చిన పాట మాత్రము ఎచ్చటికైనను వెంట వచ్చును. దానికి టిక్కెట్టు లేదు, బరువు లేదు. మన పిల్లలు ఈ ఊరు విడిచి పోకముందే వారికి ఆ సంపదను కట్టి యీయవలసిన బాధ్యత మనది కాదా?

కంభం చెరువును చూడుడు. గుండ్లకమ్మ నీరు ఊరక పారిపోకుండ విజయనగర కాలపు పెద్దలు కొండల నడుమ కట్ట పోసిరి. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమను గుర్తింపు లభించినది. కట్ట లేనిచో అదే నీరు సముద్రమున కలియుచుండెడిది. మన పల్లెలలోని పాటలు, చెక్కభజనలు, కోలాటపు అడుగులు, హరికథలు కూడ అట్టి నీరే. ఎరిగిన పెద్దలతో పాటు అవి వెడలిపోవుచున్నవి. పిల్లల కంఠమే వాటికి కట్ట.

ఎవరికి నేర్పవలెను?

అందరికిని నేర్పవలెను. ఇందులో మినహాయింపు లేదు. ఈ విషయమున రెండు మహనీయ జీవితములను స్మరింతము.

త్యాగరాజస్వామి సమాధి శిథిలావస్థలో నుండగా, 1920ల దశకమున తన స్వంత ధనముతో అచ్చట మందిరమును కట్టించిన పుణ్యమూర్తి బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆనాడు ఆరాధన సమయమున ఆ సన్నిధిలో స్త్రీలకు పాడు అవకాశము లేకుండెను. తాను కట్టించిన గుడిముందు తనకే పాడు హక్కు లేని స్థితి! ఆమె వెనుదీయక స్త్రీలను కూడదీసి వేరుగా ఆరాధన జరిపించినారు. 1940వ దశకపు ఆరంభమున వర్గములు ఏకమైనవి. నేడు తిరువయ్యారున స్త్రీపురుషులు కలిసి పంచరత్న కీర్తనలను పాడుచున్నారు. కనుక 'ఆడపిల్లకు పాటలేల, ఆటలేల' అను మాట ఇకమీదట మన నోట రాకూడదు.

రెండవవారు మన జిల్లావారే. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానాగారు. మహమ్మదీయ కుటుంబమున పుట్టి, నాదస్వరమును ఉపాసించి, శ్రీరంగనాథుని సన్నిధియైన శ్రీరంగమున స్థిరపడిరి. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు వారిని వరించినవి. 1999లో నాదమున లీనమైనారు. స్వామి ఊరేగింపునకు ముందు నడచు మంగళవాద్యము ఎవరి ఊపిరితో పలుకుచున్నదని దేవుడు అడుగలేదు. మనము అడుగుట యెట్లు? గుడిలో పాట నేర్చు వరుసలో కులము చూడరాదు, మతము చూడరాదు, తండ్రి సంపాదన చూడరాదు. చెప్పులు మాత్రము బయట విడువవలెను. వాటితో పాటు ఈ భేదములను కూడ అచ్చటనే విడువవలెను.

ఏమి నేర్పవలెను?

పిల్లవాడు విద్వాంసుడు కావలెనని మొదటి దినముననే ఆశింపరాదు. మన పెద్దలు ఏర్పరచిన క్రమము చాల శాస్త్రీయమైనది. 1484 నుండి 1564 వరకు జీవించినట్లు చెప్పబడు పురందరదాసులవారు కర్ణాటక సంగీత పితామహులు. సరళీ స్వరములు, జంట స్వరములు, అలంకారములు, గీతములు అను మెట్లను మాయామాళవగౌళ రాగముతో మొదలిడి కట్టిపెట్టిన కీర్తి వారిది. ఎనిమిది అక్షరముల ఆదితాళమునకు చేయి వేయుచు, మొదటి కాలమున అక్షరమునకు ఒక స్వరము, రెండవ కాలమున రెండు, మూడవ కాలమున నాలుగు చొప్పున పిల్లవాడు పాడును. చేయి వేగము మారదు, పాట మాత్రము ఇబ్బడి ముబ్బడియగును. ఎక్కము నోటితో నేర్చిన పిల్లవాడు ఇచ్చట దానిని ఒంటితో నేర్చుకొనుచున్నాడు. అంతకన్న ముఖ్యముగా శ్రుతిని వినుట నేర్చుకొనుచున్నాడు. తన గొంతు ఇతరుల గొంతులో కలిసినదా లేదాయని వినగలవాడు సంసారమున కూడ కలిసి బ్రతుకగలడు.

స్వరములు పాడుచునే భజన కీర్తనలు నేర్పవచ్చును. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఇందుకు పుట్టినవే. స్వామిని మేల్కొలుపుట, నైవేద్యము పెట్టుట, ఊయలలో ఊపుట, పవళింపు చేయుట, ఇట్లు ఒక్కొక్క సేవకు పాట యున్నది. పెక్కింట చరణములన్నియు ఒకే వరుసలో నడచును. ఒకరు అందీయగా పదిమంది అందుకొనవచ్చును. 1408లో తాళ్ళపాకలో జన్మించిన అన్నమాచార్యులవారి సంకీర్తనలు కూడ జోలపాటలు, ఏలపదములు, కోలాటపు పాటలుగా పల్లెవారి నడకనే నడచును.

పాటకు రాని పిల్లలున్నచో కోలాటము నేర్పుడు. కోలాటమున ఒకరి తప్పటడుగు ఇద్దరి కోలలను తప్పించును. కనుక ప్రక్కవానిని గమనించుట దానంతట వచ్చును. మాట చొరవ గల పిల్లకు హరికథ నేర్పుడు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) చిరుతలు పట్టి, గజ్జె కట్టి, పాట, పద్యము, వచనము, అభినయము అన్నియు ఒక్కరే నడిపి సభలను మెప్పించినారు. విజయనగరమున 1919లో నెలకొన్న సంగీత పాఠశాలకు ప్రథమాధ్యక్షులుగా శిష్యులను తీర్చిదిద్దినారు. సభకు జంకని నోరు పిల్లలకు కావలెనన్నచో హరికథను మించిన బడి లేదు.

సంశయములు, సమాధానములు

'స్వామీ, పాటలు పాడిన మార్కులు వచ్చునా?' అని తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. పాటవలన మార్కులు వచ్చునని మేము ఆశ పెట్టము. అన్నము పెట్టునపుడు మార్కుల కొరకు పెట్టుచున్నారా? బిడ్డ బ్రతుకుటకు పెట్టుచున్నారు. పాటయు అట్టిదే. పరీక్షలో తప్పిననాడు, ఊరుకాని ఊరిలో ఒంటరియైననాడు, తల్లిదండ్రులు కనుమరుగైననాడు లోపల నిలబెట్టు వస్తువొకటి మనిషికి కావలెను. అది ముందుగా సంపాదించి పెట్టుకొనవలసినది.

'కాలము చాలదు' అని మరికొందరందురు. రోజున సెల్‌ఫోను తీసికొను కాలమును లెక్కించిన పిదప ఈ ప్రశ్నకు మీరే సమాధానము చెప్పుకొనుడు. వారమునకు రెండు గంటలు చాలును. ప్రభుత్వమువారు కూడ దీనిని అంగీకరించియున్నారు. 2015లో విద్యార్థుల కొరకు 'కళా ఉత్సవ్' ప్రారంభించిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలను చదువునకు వెలుపలి వ్యాపకముగా చూడరాదని చెప్పినది. విధానము కాగితముపై నున్నది. దానిని కంఠమునకు దింపవలసినది ఊరివారు.

'బడిపిల్లలు పాడిన పాటకు విలువ యేమి?' అనువారికి మదనపల్లెను చూపుదుము. 1919లో విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్ళు బసచేసి 'జనగణమన'ను పాడి వినిపించిరి. విద్యార్థులు పల్లవిని అందుకొనిరి. మార్గరెట్ కజిన్స్ అను విదుషి దానికి స్వరలిపి కూర్చినారు. నేడు ప్రతి బడిలో నిలబడి పాడు గీతము అట్లు రాయలసీమ విద్యార్థుల కంఠమునుండి కూడ పలికినది.

ఇక పోటీల సంగతి. పోటీలు పెట్టుట తప్పు కాదు. కాని పోటీయే పరమావధియైనచో ఒక్కడు గెలుచును, నలుబదిమంది పాట మానుదురు. భజనలో ఓడినవాడు లేడు. కుశలవుల మాట మరియొకసారి తలచుకొనుడు.

మన కర్తవ్యము

ఈ సభనుండి లేచిపోవుటకు ముందు ఈ కొలది పనులను మనము నిశ్చయించుకొనవలెనని మా విన్నపము.

ఒకటి: శనివారము సాయంకాలము ఒక గంట, ఆదివారము ఉదయము ఒక గంట గుడి మండపమున పిల్లల గానమునకు కేటాయింపవలెను. పరీక్షల నెలలో శనివారము మాత్రము చాలును.

రెండు: ఆ గంటలో మైకు కట్టివేయవలెను. మైకు ముందు పెరిగిన గొంతునకు అరుపు వచ్చును గాని శ్రుతి రాదు.

మూడు: ఊరిలో చెక్కభజన, కోలాటము, మేలుకొలుపులు ఎరిగిన వృద్ధులు ఎవరున్నను వారిని పిలిచి గురుస్థానమున కూర్చుండబెట్టవలెను. సంగీతము చెప్పు ఉపాధ్యాయునికి వట్టి చేతులతో దండము పెట్టక, గౌరవమైన వేతనమీయవలెను. ఉత్సవమున టపాకాయలకు పెట్టు ఖర్చును కొంత తగ్గించినచో ఇది భారము కాదు.

నాలుగు: ఒక శ్రుతిపెట్టె, ఒక మృదంగము లేక డోలకు, కొన్ని తాళములు, ఇరువది జతల కోలలు కొనవలెను. వీటిని తాళము వేసి భద్రపరచక, పిల్లల చేతికి ఈయవలెను. వాడుకలో పగిలిన కోల, బీరువాలో మెరయు కోలకన్న పవిత్రమైనది.

అయిదు: వలసపోయి తిరిగివచ్చిన బిడ్డను 'ఇన్ని వారములు ఎందుకు రాలేదు?' అని గద్దింపక, ఆ బిడ్డచేతనే ఆనాటి మొదటి పాటను ఎత్తించవలెను. పాట ముగిసిన పిదప అందరికిని ప్రసాదము పెట్టవలెను.

సోదరులారా! మన ప్రక్కనున్న మార్కాపురమును ఒకప్పుడు పలకల ఊరనిరి. ఈ నేల రాతిని చీల్చి చేసిన పలకలమీద ఎన్నో ఊళ్ళ పిల్లలు ఓనమాలు దిద్దిరి. అక్షరమునకు పలక నిచ్చిన నేల ఇది. స్వరమునకు త్యాగరాజ, శ్యామశాస్త్రుల వంశములనిచ్చిన నేల ఇది. అట్టి నేలపై పుట్టిన బిడ్డ చేతిలో పలక, నోటిలో పాట రెండును ఉండవలెను. పలకమీద వ్రాసినది తడిగుడ్డతో చెరిగిపోవును. పసితనమున నేర్చిన పాట చెరగదు.

వచ్చు శనివారము మీ బిడ్డలను పంపుడు. మీ పొరుగువారి బిడ్డలను కూడ వెంటబెట్టుకొని రండు. వాగ్దేవి వారి కంఠములయందు కొలువుండుగాక! శ్రీసీతారామచంద్రుల అనుగ్రహమున దొనకొండ బాలబాలికలు ఆయురారోగ్యములతో, విద్యావినయములతో, గానసంపదతో వర్ధిల్లుదురుగాక!

స్వస్తి. ఓం శాంతిః శాంతిః శాంతిః.